పాదాన్ని పట్టి, వదిలే పెడల్

నా టేబుల్ మీద అరిగిపోయిన ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంది. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఆకారం ఇంచుమించు త్రిభుజం. ముందువైపు అంచు కింది పెదవిలా కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మధ్యలో మూడు బోల్టులకు మూడు కంతలు. వెనకవైపు అంచు నేల మీద నడిచి నడిచి నున్నగా అరిగి, ఒక పక్క ఏటవాలుగా తేలిపోయింది. సైకిల్ తొక్కేవాళ్లు దీన్ని క్లీట్ అంటారు. బూటు అడుగున బిగిస్తారు. పెడల్ మీద పాదం ఆనించి కిందికి నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. మడమను బయటికి తిప్పితే మళ్లీ టక్కుమని వదిలేస్తుంది.

దీన్ని మొదటిసారి బిగించుకుని రోడ్డెక్కిన రోజు హైదరాబాద్‌లో ఒక సిగ్నల్ దగ్గర బ్రేకు వేశాను. సైకిల్ ఆగింది, పాదం మాత్రం పెడల్‌ను వదల్లేదు. నిలబడ్డ చోటే పక్కకు ఒరిగి, మోచెయ్యి గీరుకుపోయింది. వెనకున్న ఆటో ఆయన దిగివచ్చి, "ఏమైందన్నా, కాలు ఇరికిందా?" అంటూ సైకిల్‌ను లేపి పట్టుకున్నాడు. కాలు ఇరకలేదు. తిప్పాల్సిన పాదాన్ని కంగారులో పైకి లాగాను. ఎంత బలంగా లాగినా అది పైకి రాదు, రాకూడదనే దాన్ని అలా చేశారు. మరి పక్కకు ఇంత తిప్పితే చాలు, చెప్పిన మాట విన్నట్టు ఊడి వస్తుంది. పైకి లాగితే బిగుసుకుని, పక్కకు తిప్పితే జారిపోయే ఈ ఉపాయం ఎవరికి తట్టిందన్న ప్రశ్న ఆ రోజు పట్టుకుంది.

వెతుక్కుంటూ పోతే అది నన్ను సైకిల్ కంపెనీ దగ్గరికి తీసుకెళ్లలేదు. మంచు మీద జారే స్కీలకు బూట్లు బిగించే పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. అక్కడి నుంచి, మోకాలికి ఆపరేషన్ అయ్యి ఇక పని అయిపోయిందని అందరూ అనుకున్న ఒక ఛాంపియన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పేరు బెర్నార్ ఇనో. ప్రపంచంలోనే పెద్ద సైకిల్ పందెమైన టూర్ ద ఫ్రాన్స్‌ను ఐదుసార్లు గెలిచాడు.

అంతకుముందు పాదాన్ని పెడల్‌కు ఎలా కట్టేవారో చెప్పాలి. పెడల్ ముందు ఒక ఉక్కు పంజరం ఉండేది. బూటు ముందుభాగం అందులోకి దూర్చాలి. ఆ పంజరం మీదుగా తోలు పట్టీ, దానికో బకిల్. బూటు అడుగున మేకులతో కొట్టిన చిన్న రేకు ముక్క. ఆ రేకుకున్న గాడి పెడల్ వెనక అంచు మీద కూర్చుంటుంది. పట్టీ బిగించాక పాదం ఎటూ కదలదు. ముగింపు గీతకు ఇంకా కొంత దూరం ఉండగానే రైడర్లు ఒకరి తర్వాత ఒకరు ముందుకు వంగి, ఒక చేత్తో పాదం దగ్గర ఏదో లాగడం పాత రేసుల ఫిల్ముల్లో కనిపిస్తుంది. అది పట్టీని ఆఖరిసారి బిగించుకోవడం. గంటకు యాభై కిలోమీటర్ల వేగంలో, గుంపు మధ్యలో, ఒంటిచేత్తో చేసే పని. ఆగాలంటే మళ్లీ వంగి బకిల్ వదులు చెయ్యాలి. పడిపోయేటప్పుడు అంత వ్యవధి ఎవరికీ ఉండదు. పట్టీ బిగుతుకు పాదంలో నెత్తురు ఆడక వేళ్లు తిమ్మిరెక్కేవి. చలి రోజుల్లో మరీను.

ఇంత బాధపడి ఎందుకు కట్టుకోవాలి? పెడల్‌ను కిందికి తొక్కడమే కాదు, పైకి లాగి కూడా బలం తెచ్చుకోవచ్చని చాలామంది చెబుతారు. ఆ లాభం అనుకున్నంత పెద్దదేం కాదు. అసలు ప్రయోజనం పాదం జారకుండా ఎప్పుడూ ఒకే చోట, ఒకే కోణంలో ఉండటం. నిమిషానికి తొంభై చుట్లు తొక్కే రైడర్ ఐదు గంటల్లో ఒక్కో మోకాలిని ఇరవై ఏడు వేలసార్లు మడిచి చాపుతాడు. మూడు వారాల టూర్‌లో ఆ లెక్క ఐదు లక్షల దరిదాపుల్లోకి పోతుంది. పాదం ఉన్న కోణం సరైనదైతే ఐదు లక్షలసార్లూ సరిగ్గానే పడుతుంది. తప్పైతే ఆ తప్పు కూడా ఐదు లక్షలసార్లు మోకాలి మీదే పడుతుంది.

పంజరం లేకుండా పాదాన్ని పట్టే పెడల్ చెయ్యాలన్న ఆలోచన కొత్తది కాదు. 1895లోనే అమెరికాలో చార్లెస్ హాన్సన్ అనే ఆయన అలాంటిదానికి పేటెంట్ తీసుకున్నాడు. 1970ల మొదట్లో ఇటలీలో చీనో చినెల్లి ఒకటి తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. పాదం చక్కగా ఇమిడేది. కానీ తీయాలంటే చేత్తో వంగి ఒక మీట జరపాలి. కింద పడేటప్పుడు మీట జరిపేదెవరు? దానికి చావు పెడల్ అనే పేరు పడిపోయింది. పాదాన్ని పట్టి ఉంచడం ఎవరైనా చెయ్యగలిగారు. వదిలే దగ్గరే అందరూ ఆగిపోయారు.

ఆ వదలడం గురించి అప్పటికే చాలా ఏళ్లుగా ఆలోచిస్తున్న మనిషి ఫ్రాన్స్ నడిబొడ్డున, ల్వార్ నది ఒడ్డునున్న నెవేర్ పట్నంలో ఉన్నాడు. జాఁ బేల్ ఆయన పేరు. ఆయన పెట్టిన కంపెనీ పేరు లుక్. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లకు ఆ రోజుల్లో కాళ్లు విరగడం మామూలు. బూటును స్కీకి కదలకుండా బిగించేవారు. పొడవాటి స్కీ మంచులో దిగబడి మెలితిరిగితే, ఆ మెలి మొత్తం ముంగాలి ఎముక మీద పడేది. బేల్ చేసిన బైండింగులో స్ప్రింగు ఉంటుంది. చిన్న కుదుపు వస్తే బూటు కాస్త పక్కకు జరిగి మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. ఎముక విరిగేంత మెలి వస్తే మాత్రం వదిలేస్తుంది. ఏది చిన్న కుదుపు, ఏది ప్రమాదం అన్నది స్ప్రింగు బిగువే నిర్ణయిస్తుంది. చూడటానికి ఇనుము, స్ప్రింగు, స్క్రూ. అందులో ఉన్నది మాత్రం మనిషి కాలి మీద ఎంత బలం పడితే ఎముక తట్టుకుంటుందో ఏళ్ల తరబడి కొలిచిన అనుభవం.

ఇక ఇనో దగ్గరికి వద్దాం. 1954 నవంబరు 14న బ్రిటనీ ప్రాంతంలో, ఇఫీనియాక్ అనే ఊళ్లో పుట్టాడు. ఫ్రాన్స్ పడమటి కొసన, ఎప్పుడూ సముద్రపు గాలీ వానా కొట్టే నేల అది. తోటి రైడర్లు ఆయన్ని బ్లేరో అని పిలిచేవారు. బొరియల్లో బతికే బ్యాడ్జర్ అనే జంతువుకు ఫ్రెంచి పేరది. మూలకు తరిమితే పారిపోకుండా ఎదురుతిరిగి కరుస్తుంది. ఆ పేరు ఆయనకు అతికినట్టు సరిపోయింది. 1977లో దోఫినే పందెంలో పోర్ట్ కనుమ దిగుతుండగా, టీవీ కెమెరా చూస్తుండగానే, మలుపులో అదుపు తప్పి అంచు మీదుగా లోయలోకి పోయాడు. చూసేవాళ్లు చచ్చిపోయాడనే అనుకున్నారు. పైకి పాకి వచ్చి, ఇంకో సైకిల్ ఎక్కి, గ్రెనోబుల్‌లో ఆ రోజు దశ గెలిచాడు, ఆఖరికి పందెమే గెలిచాడు.

కోచ్ సిరిల్ గిమార్ ఆయన్ని తొందరపెట్టలేదు. 1977 టూర్‌కు పంపకుండా ఆపి, 1978లో పంపాడు. మొదటిసారి దిగిన టూర్‌నే ఇరవై మూడేళ్ల వయసులో ఇనో గెలిచాడు. 1979లో మళ్లీ గెలిచాడు. గిమార్‌ది కొలతల బుర్ర. కాలి లోపలి పొడవును 0.883తో హెచ్చవేసి సీటు ఎత్తు నిర్ణయించే లెక్క ఆయన బృందం నుంచే ప్రపంచానికి పాకింది. ఆ లెక్కల వెనక ఒక బాధ ఉందని నాకు అనిపిస్తుంది. 1972 టూర్‌లో గిమార్ స్వయంగా ఆ కాలపు ఛాంపియన్ ఎడీ మెర్క్స్‌కు గట్టి పోటీ ఇస్తూ రెండో స్థానంలో ఉన్నాడు. పారిస్ రెండు రోజుల దూరంలో ఉండగా మోకాళ్లు ఇక తొక్కనివ్వలేదు. పందెం వదిలేశాడు. మోకాలి నొప్పి ఎలా ఉంటుందో తెలిసిన గురువు ఆయన. శిష్యుడి మోకాలిని మాత్రం కాపాడలేకపోయాడు.

1980 ఇనో జీవితంలో వింత సంవత్సరం. ఏప్రిల్‌లో లియేజ్-బాస్టోన్-లియేజ్ పందెం మంచు తుపానులో జరిగింది. 174 మంది బయల్దేరితే 21 మంది ఇల్లు చేరారు. ఇనో దాదాపు 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి, రెండోవాడి కంటే తొమ్మిది నిమిషాల ముందు గీత దాటాడు. ఆ చలికి ఆయన రెండు వేళ్లకు స్పర్శ దెబ్బతింది, ఏళ్లు గడిచినా పూర్తిగా తిరిగి రాలేదు. జూన్ చివర్లో మొదలైన టూర్ వానలోనే సాగింది. లీల్‌కు వెళ్లే దశలో రాళ్లు పరిచిన దారుల మీద, బురదలో ఎగబడి గెలిచాడు. ఆ తర్వాత మోకాలు రాజుకుంది. పందెంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఒంటి మీద ఉండగానే, పిరనీస్ కొండల ముంగిట పో పట్నంలో ఒక రాత్రి పందెం వదిలేసి వెళ్లిపోయాడు. పత్రికలవాళ్లు ఆయన కోసం ఊరంతా వెతికారు. నాయకుడు పారిపోయాడని తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆగస్టు 31న సలాంష్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. దోమాన్సీ అనే నిట్టనిలువు ఎత్తును ఇరవైసార్లు ఎక్కాలి. పదిహేను మంది మాత్రమే పూర్తిచేసిన ఆ పందెంలో ఇనో ఒక్కడే వచ్చి గెలిచాడు. తిట్టిన నోళ్లు మూతపడ్డాయి.

1981, 1982 టూర్లు కూడా ఆయనవే. 1983లో స్పెయిన్ పందెం వుయెల్తాలో అవీలా దాకా కొండల మీద నొప్పితో తొక్కి గెలిచాడు. అదే మోకాలిని తీసుకుపోయింది. ఆ ఏడాది టూర్‌కు వెళ్లలేకపోయాడు. ఆయన బృందం రెనో నుంచే, ఇంకా ఇరవై మూడు నిండని లోరాన్ ఫిన్యో మొదటి ప్రయత్నంలో టూర్ గెలిచాడు. ఇనోకు మోకాలి ఆపరేషన్ జరిగింది. గిమార్‌తో ఎప్పటినుంచో మనస్పర్థలు. ఇద్దరిలో ఒకరే ఉండాలన్న దాకా వచ్చింది. కంపెనీ కోచ్‌నే ఉంచుకుంది. నాలుగు టూర్లు గెలిచిన ఛాంపియన్ ఇరవై తొమ్మిదో ఏట కుట్లు పడ్డ మోకాలితో, బృందం లేకుండా రోడ్డున పడ్డాడు.

సరిగ్గా ఇక్కడే బెర్నార్ తపీ ప్రవేశిస్తాడు. మునిగిపోతున్న కంపెనీలను కారుచౌకగా కొని, నిలబెట్టి లాభానికి అమ్మడం ఆయన వ్యాపారం. టీవీలో, పత్రికల్లో ఎప్పుడూ ఆయన మొహమే. తర్వాతి కాలంలో మార్సే ఫుట్‌బాల్ క్లబ్బు, మంత్రి పదవి, జైలు కూడా ఆయన జాతకంలో ఉన్నాయి, అదంతా వేరే కథ. మనకు కావలసిందల్లా, ఆయన చేతిలో అప్పటికే లా వీ క్లేర్ అనే ఆరోగ్య ఆహారాల దుకాణాల గొలుసు, తెరాయోఁ అనే తూకం యంత్రాల కంపెనీ ఉన్నాయి. 1983లో నెవేర్‌లోని లుక్ ఫ్యాక్టరీ కూడా ఆయన చేతికొచ్చింది. అదే సంవత్సరం ఇనో ఖాళీగా ఉన్నాడు. ఆయన కోసం తపీ 1984కు కొత్త బృందం పెట్టాడు. పేరు లా వీ క్లేర్. డచ్చి చిత్రకారుడు మోండ్రియాన్ బొమ్మలను తలపించే ఎరుపు, పసుపు, నీలం గళ్ల జెర్సీ. సైకిల్ పందేల్లో అంతకంటే అందమైన జెర్సీ నా దృష్టిలో ఇంతవరకు రాలేదు.

ఆవిష్కరణల చరిత్రలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి ఇలాంటి కలయికలే. స్ప్రింగు రహస్యం తెలిసిన ఫ్యాక్టరీ, కాలు కాపాడుకోవాల్సిన అవసరం ప్రాణమంత ఉన్న ఛాంపియన్, ఇద్దరూ ఒకే యజమాని గొడుగు కిందికి ఒకే ఏడాది వచ్చారు. అలా రాకపోతే పేటెంట్ కాగితాల్లో మరో పెడల్ చేరి ఉండేది, అంతే.

స్కీ బైండింగును తెచ్చి పెడల్‌కు తగిలిస్తే సరిపోదు. రెండింటి పనీ వేరు. స్కీ బైండింగు ప్రమాదం వచ్చినప్పుడు, మనిషి అనుకోకుండానే వదలాలి. పెడల్ అలా వదిలితేనే ప్రమాదం. గీత దగ్గర సైకిల్‌ను అటూ ఇటూ ఊపుతూ రైడర్ తన బలమంతా పెట్టి లాగుతుంటే అది ఎంతమాత్రం ఊడకూడదు. అతను కావాలనుకున్న క్షణాన మాత్రం, చెయ్యి తగలకుండా, ఒక్క మడమ కదలికతో వచ్చేయాలి. లుక్ చేసిన ఉపాయం ఇదీ: క్లీట్ ముందు పెదవి పెడల్‌లోని ఒక అంచు కిందికి దూరుతుంది. వెనకవైపు స్ప్రింగుతో పనిచేసే గడియ ఉంటుంది. పాదాన్ని నొక్కగానే క్లీట్ వెనక అంచు గడియను వెనక్కి నెట్టి లోపలికి దిగుతుంది, గడియ తిరిగి మూసుకుంటుంది. పైకి లాగే బలాన్ని ముందు అంచూ వెనక గడియా రెండూ కలిసి ఆపుతాయి, కాబట్టి ఊడదు. మడమ పక్కకు తిరిగినప్పుడు మాత్రం క్లీట్ వెనక మూలలు గడియను వెనక్కి తోస్తాయి. స్ప్రింగు లొంగుతుంది, క్లీట్ బయటికి జారుతుంది. స్ప్రింగు బిగువు పెంచడానికి, తగ్గించడానికి ఒక చిన్న స్క్రూ. నేను సిగ్నల్ దగ్గర పైకి లాగి ఓడిపోయింది ఈ లెక్కతోనే.

1984లో లుక్ ఈ పెడల్‌ను బయటికి తెచ్చింది. పీపీ65 దాని మోడల్ పేరు. ఫ్రెంచివాళ్లు దీన్ని ఆటోమేటిక్ పెడల్ అంటారు. ఇంగ్లీషులో క్లిప్‌లెస్ అని పేరు పడింది, మన సైకిల్ దుకాణాల్లోనూ అదే మాట. బూటుకు బిగించుకుని టక్కుమని తగిలించుకునే పెడల్‌కు క్లిప్ లేనిదన్న పేరేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. ఆ పాత ఉక్కు పంజరం పేరు టో క్లిప్. అది లేని పెడల్ అని అర్థం. పంజరం లేని పెడల్ వచ్చి నలభై ఏళ్లయినా ఆ పంజరం పేరు ఇంకా దీన్ని అంటిపెట్టుకునే ఉంది.

సైకిల్ రైడర్లు కొత్త వస్తువును అంత త్వరగా నమ్మరు. దానికి కారణమూ ఉంది. ఏడాదంతా పడ్డ కష్టం ఒక బోల్టు విరిగితే పోతుంది. టూర్‌కు ఈ అలవాటు ముందునుంచీ ఉంది. గేర్లు మార్చే డిరేలర్‌ను పందెం నిర్వాహకుడు ఆంరి దెగ్రాంజ్ ఏళ్ల తరబడి రానివ్వలేదు. 1937లో గానీ టూర్‌లో దానికి అనుమతి దొరకలేదు. సెంట్ ఎటియెన్ పట్నంలో వెలోసియో అనే కలం పేరుతో రాసిన పాల్ ద వివీ అప్పటికి ముప్పై ఏళ్లకు పైగా గేర్ల గురించి పోరాడి, చనిపోయి కూడా ఏడేళ్లయింది. కొత్త పెడల్‌కు కూడా అలాంటి నిరీక్షణ తప్పేది కాదేమో. ప్లాస్టిక్ ముక్క మీద నమ్మకం పెట్టి కొండ దిగుతావా అని అడిగితే, ఆ కాలపు రైడర్‌కు సమాధానం దొరకదు.

1984 టూర్ ఇనోకు అవమానంగా గడిచింది. ఆల్ప్ ద్వెజ్ కొండ కింద మొండిగా దాడి చేస్తే, ఫిన్యో తేలిగ్గా దాటుకుని పైకి వెళ్లిపోయాడు. ఆఖరికి తేడా 10 నిమిషాల 32 సెకన్లు. పత్రికలు ఇనో శకం ముగిసిందని రాశాయి. కానీ ఆ శరదృతువులోనే గ్రాండ్ ప్రీ ద నాసియోఁ, లొంబార్డీ పందేలు రెండూ గెలిచాడు. మోకాలు మళ్లీ మాట వినడం మొదలుపెట్టింది.

1985 జూన్‌లో ఇటలీ పందెం జీరో గెలిచాడు. తపీ పెద్ద మొత్తం ఇచ్చి తెచ్చిన అమెరికా కుర్రాడు గ్రెగ్ లెమాండ్ ఇప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. ఫిన్యో ఆ ఏడాది కాలి ఆపరేషన్ వల్ల రాలేదు. టూర్ ఇనో సొంత గడ్డ బ్రిటనీలోనే, ప్లుమెలెక్‌లో మొదలైంది. మొదటి రోజే ఆయన గెలిచాడు. పాదాల కింద పంజరం లేదు, పట్టీ లేదు. లుక్ పెడల్. స్ట్రాస్‌బూర్ దాకా 75 కిలోమీటర్ల ఒంటరి పరుగులో రెండో స్థానంలో వచ్చిన స్టీఫెన్ రోచ్ కంటే 2 నిమిషాల 20 సెకన్లు ముందున్నాడు. ఒంటరి పరుగంటే గంటన్నరకు పైగా ఒకే బిగువులో, ఒకే భంగిమలో తొక్కడం. పాదం కింది లోపమేదైనా ఉంటే బయటపడే చోటు అదే. ఏ లోపమూ బయటపడలేదు.

పధ్నాలుగో దశ సెంట్ ఎటియెన్‌లో ముగిసింది, అదే వెలోసియో ఊరు. గీతకు కొద్ది దూరంలో గుంపులో చక్రాలు రాసుకుని రైడర్లు కుప్పకూలారు. ఇనో మొహం రోడ్డుకు కొట్టుకుంది, ముక్కు విరిగింది. లేచి, సైకిల్ ఎక్కి, కళ్ల మీద నుంచి గడ్డం దాకా నెత్తురు కారుతుండగా గీత దాటాడు. ఆ ఫొటో ఇప్పటికీ చూడటం కష్టం. పట్టీలు కట్టుకున్న రోజుల్లో ఆయన ఎలా పడేవాడో, ఆ పూట ఎలా పడ్డాడో పోల్చి చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు కాబట్టి చెప్పను. మర్నాడు మాత్రం రెండు కళ్ల చుట్టూ నల్లగా కమిలిన మొహంతో మళ్లీ ఆ పెడల్ మీదే పాదం పెట్టాడు.

పిరనీస్‌లో లూజ్ ఆర్దిదెన్ ఎక్కే రోజు శ్వాస అందక వెనకబడ్డాడు. ముందు రోచ్‌తో ఉన్న లెమాండ్‌ను బృందం నిర్వాహకులు ఆపారు. వెనక నాయకుడు ఉన్నాడు, నువ్వు లాగొద్దని చెప్పారు. ఆ కుర్రాడు విని ఆగాడు. ఆ ఆగడం ఆయన్ని తర్వాత చాలాకాలం బాధించింది. నేను ఇనో అభిమానినే అయినా, ఆ టూర్‌లో లెమాండ్‌కు అన్యాయం జరిగిందనే అనుకుంటాను. పారిస్‌లో తేడా 1 నిమిషం 42 సెకన్లు. మొదటి ఇనో, రెండు లెమాండ్, మూడు రోచ్. ఇనోకు ఐదో టూర్. పట్టీలు లేని పెడల్‌కు మొదటి టూర్.

ఆ ఆదివారం షాంజెలీజే మీద సైకిల్ తయారీదార్లు ఏం చూశారో ఊహించడం కష్టం కాదు. ఆపరేషన్ అయిన మోకాలు, ముప్పై ఏళ్ల వయసు, నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దారి, విరిగిన ముక్కు, వీటన్నిటి కింద ప్లాస్టిక్ ముక్క చెక్కుచెదరలేదు. ప్రకటనలు ఎన్ని ఇచ్చినా రాని నమ్మకం ఒక్క జూలైలో వచ్చింది. అయినా ఒక్కసారిగా అందరూ మారలేదు. ఐర్లండ్ రైడర్ షాన్ కెల్లీ లాంటి గట్టివాళ్లు ఏళ్ల తరబడి తోలు పట్టీలతోనే పందేలు గెలిచారు. 1990ల మధ్యకు వచ్చేసరికి మాత్రం పెద్ద పందేల్లో ఆ పంజరం దాదాపు కనిపించకుండా పోయింది.

ఈ కథలో ఒక లోటు ఉంది, దాచకూడదు. మొదటి లుక్ క్లీట్ పాదాన్ని అసలు కదలనిచ్చేది కాదు. పట్టీల బాధ పోయింది, కానీ కోణం ఒక్క పిసరు తప్పుగా బిగించుకున్నవాడి మోకాలికి కొత్త బాధ మొదలైంది. నడిచేటప్పుడు మన పాదం ప్రతి అడుగుకూ కొద్దిగా తిరుగుతుంది. మోకాలు దానికి అలవాటుపడి ఉంటుంది. ఆ కొద్ది స్వేచ్ఛ పెడల్ మీద కూడా ఉండాలన్నది తర్వాత తెలిసొచ్చింది. జాఁ బేల్ ఇక్కడా ఆగలేదు. లుక్ నుంచి బయటికి వచ్చి, 1980ల చివర్లో టైమ్ అనే మరో ఫ్రెంచి కంపెనీ కోసం పాదం అటూ ఇటూ కాస్త మెదిలే పెడల్ చేశాడు. లుక్ కూడా కొన్ని డిగ్రీలు కదలనిచ్చే క్లీట్లు తెచ్చింది. ఇప్పుడు నలుపు రంగు క్లీట్ అంటే కదలనిది, బూడిద రంగుది కొంచెం కదిలేది, ఎరుపుది ఎక్కువ కదిలేది. కొత్తవాళ్లు ఎవరు అడిగినా నేను నలుపు జోలికి పోవద్దనే చెబుతాను.

ఇనో 1986లో ఇంకొక టూర్ తొక్కాడు. సాయం చేస్తానని లెమాండ్‌కు ఇచ్చిన మాటను ఎంతవరకు నిలబెట్టుకున్నాడన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఆల్ప్ ద్వెజ్ మీద ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని గీత దాటారు, పారిస్‌లో గెలిచింది లెమాండ్. ముప్పై రెండేళ్లు నిండగానే మానేస్తానని ఇనో ఎప్పుడో చెప్పాడు. 1986 నవంబరులో, చెప్పినట్టే మానేసి, బ్రిటనీలోని కలోర్గెన్‌లో పాడి ఆవులు పెంచుకున్నాడు. ఆయన తర్వాత ఇంతవరకు ఏ ఫ్రెంచివాడూ పురుషుల టూర్ గెలవలేదు. 2025లో మహిళల టూర్‌ను పోలీన్ ఫెరాఁ-ప్రెవో గెలిచినప్పుడు ఆ దేశం ఎంత మురిసిపోయిందో, వెనక ఉన్న నలభై ఏళ్ల ఎదురుచూపు తెలిసినవాళ్లకు అర్థమవుతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో సైకిల్ ట్రాక్ వేశారు. తెల్లవారుజామున అక్కడికి వెళ్తే ఇంకా వెలుతురు రాకముందే ఈ శబ్దం వినిపిస్తుంది. కుడి పాదం టక్, సైకిల్ కదిలాక ఎడమ పాదం టక్. వాళ్లలో రోడ్డు సైకిల్ బూట్లు వేసుకున్న ఎవరినైనా ఆపి అడుగు తిప్పి చూపించమంటే చాలావరకు మూడు కంతలే ఉంటాయి. బూటు ఏ దేశపుదైనా, పెడల్ ఏ కంపెనీదైనా, ఆ మూడు కంతల అమరిక లుక్‌దే.

నా టేబుల్ మీది ముక్క పని అయిపోయింది. పెదవి అరిగి, మొన్నొకసారి నేను తిప్పకుండానే ఊడి వచ్చింది. కొత్త జత తెప్పించాను, ఎరుపువి. పాతది విప్పే ముందు బూటు అడుగున చుట్టూ పెన్నుతో గీత గీసుకున్నాను. కొత్తది సరిగ్గా ఆ గీతలోనే కూర్చోవాలి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే కంటికి తెలియదు, వంద కిలోమీటర్లు తొక్కాక మోకాలు చెబుతుంది. మూడు బోల్టులనూ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తున్నాను.